13 పెన్నుల లెక్క

(2026 జనవరి చివర, ఒక ఆదివారం ఉదయం గుంటూరులో వాకర్స్ సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకుని, ఇంకా టిఫిన్ కూడా చేయకుండా కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను డాక్టర్ని కాదండి. మందుల షాపు నడుపుతాను. 26 ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే ఉన్నాను. బరువు తగ్గే ఇంజెక్షన్ మీకు అవసరమా, మీ ఒంటికి పడుతుందా అన్నది మీ డాక్టరు గారు చెప్పాలి. నేను చెప్పగలిగింది డబ్బు సంగతి. డాక్టరు గారి గదిలో మొహమాటపడి అడగలేని ప్రశ్న నా కౌంటర్ దగ్గరకొచ్చి బయటపడుతుంది. "అమ్మా, ఇది ఎంతవుతుంది?" అని.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. పేరు వద్దు. 46 ఏళ్లు, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. బడిలో మేడ మీది క్లాసుకి ఎక్కాలంటే మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. పోయిన ఏడాది జూన్‌లో మన దేశంలో వెగోవీ అనే బరువు తగ్గే ఇంజెక్షన్ విడుదలైంది కదా, ఆ వారంలోనే డాక్టరు గారి చీటీ పట్టుకుని వచ్చారు. చిట్టీ పాడుకున్న డబ్బు ఉంది, అది పెట్టి మొదలుపెడతానన్నారు. ఇంజెక్షన్ పెన్ను ఆకారంలో వస్తుంది, పెన్ను 17,345 రూపాయలు. ఒక పెన్నులో నాలుగు డోసులు, వారానికొకటి. మొదటి పెన్ను, రెండో పెన్ను, మూడో పెన్ను, మూడింటికీ అదే ధర. ఐదు కిలోలు తగ్గారు. ముఖంలో ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

సెప్టెంబరు మధ్యలో నాలుగో పెన్నుకి వచ్చారు. డోసు పెరిగింది, బిల్లు 24,280 అయింది. ఆవిడ బ్యాగులోంచి లెక్కపెట్టి తెచ్చిన 17,500 తీసి కౌంటర్ మీద పెట్టారు. నేను ధర చెప్పాను. ఆ నోట్లు మళ్లీ మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "అమ్మా, ఈ ఒక్క నెలా మానేస్తే ఏమవుతుంది?" అని అడిగారు.

పాత డోసే ఇంకొన్నాళ్లు కొనసాగించొచ్చేమో డాక్టరు గారిని అడగండి అన్నాను. మొహమాటపడ్డారు, వెళ్లలేదు. ఆ ఒక్క నెలా రెండయింది, మూడయింది. మొన్న సంక్రాంతి ముందు కనబడ్డారు. తగ్గిన ఐదు కిలోల్లో మూడు మళ్లీ వచ్చేశాయి. ఖర్చుపెట్టింది 52,035 రూపాయలు.

తప్పు ఆవిడది కాదు. మొదటి రోజున ఎవరూ ఆవిడకి మొత్తం లెక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ బాధతోనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ఆ లెక్కేంటో చూడండి. సంవత్సరానికి 52 వారాలు. పెన్ను నాలుగు వారాలు వస్తుంది. అంటే ఏడాదికి 12 పెన్నులు కాదండి, 13 కావాలి. చాలామంది నెలకొకటి అనుకుని 12తో గుణిస్తారు, అక్కడే ఒక పెన్ను తేడా వచ్చేస్తుంది. రెండోది, డోసు మెట్లు ఎక్కుతుంది. వెగోవీలో ఉండే మందు సెమాగ్లూటైడ్, అది 0.25 మిల్లీగ్రాములతో మొదలై, 0.5, 1, 1.7, ఆఖరికి 2.4. విడుదలైనప్పటి ధరల్లో మొదటి మూడు మెట్లూ 17,345, నాలుగోది 24,280, ఐదోది 26,015. ఆఖరి మెట్టు చేరాక తొమ్మిది పెన్నులు అదే ధరకి కొనాలి. అన్నీ కూడితే మొదటి ఏడాదికి 3,10,450 రూపాయలు. ప్రకటనల్లోనూ వార్తల్లోనూ కనిపించేదేమో మొదటి మెట్టు ధర.

2025 నవంబరులో కంపెనీ ధర తగ్గించింది. మొదటి డోసు 10,850కి వచ్చింది, పెద్ద డోసు 16,400కి వచ్చింది. తగ్గింది, సంతోషమే. అయినా పెద్ద డోసు మీద ఏడాదంతా ఉండాలంటే 13 పెన్నులకి 2,13,200. మన టీచరమ్మ జీతంలో అది ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

అందుకే మీకు నా మొదటి సలహా. చీటీ రాయించుకునేటప్పుడే డాక్టరు గారిని రెండు ప్రశ్నలు అడగండి. "నా డోసు ఎంతదాకా వెళ్తుంది? ఎన్నాళ్లు వాడాలి?" ఆ రెండు జవాబులూ నాకు చెబితే, ఏడాదికెంతో ఐదు నిమిషాల్లో కాగితం మీద వేసిస్తాను. ఏ మందుల షాపులో అడిగినా వేసిస్తారు. ఆ అంకె చూశాక మొదలుపెట్టాలో, ఆగాలో మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఎన్నాళ్లు అనే ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఈ మందు బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. పెద్ద పరీక్షలో 68 వారాలు వాడినవాళ్ల బరువు సగటున దాదాపు 15 శాతం తగ్గింది. 100 కిలోల మనిషి 85కి వచ్చినట్టు. కానీ అదే పరీక్షలో వాళ్లు మందు ఆపేశాక ఏడాది పాటు చూశారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. ఆకలిని అదుపులో పెట్టే పని మందు చేస్తోంది, మందు లేకపోతే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మూడు నెలలకి సరిపడా డబ్బుతో మొదలుపెట్టి ఆపేయడం కంటే, భరించగలిగే ధర వచ్చేదాకా ఆగి మొదలుపెట్టడం చాలామందికి మేలు. గుండె జబ్బు, అదుపులేని షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఆగొచ్చో లేదో డాక్టరే తేల్చాలి.

ఆగమంటున్నాను కదా, ఎందాకా ఆగాలి? దాదాపు రెండు నెలలు. ఈ 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు తీరిపోతోంది.

పేటెంట్ అంటే మందు కనిపెట్టిన కంపెనీకి 20 ఏళ్ల పాటు చట్టం ఇచ్చే హక్కు. ఆ కాలంలో వేరేవాళ్లు తయారుచేసి ఇక్కడ అమ్మకూడదు. మన దేశంలో 1970 చట్టం ప్రకారం మందు మీద పేటెంట్ ఉండేది కాదు, తయారుచేసే పద్ధతి మీదే ఉండేది. వేరే పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చు. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలు పుట్టుకొచ్చాయంటే ఆ చట్టం పుణ్యం చాలా ఉంది. 2005 నుంచి చట్టం మారింది, మందుకే పేటెంట్ వచ్చింది. సెమాగ్లూటైడ్ ఈ కొత్త చట్టం కిందికి వచ్చింది కాబట్టే ఇన్నాళ్లూ ఒకే కంపెనీ చేతిలో ఉంది.

గడువు తీరితే ఏమవుతుందో ఈ సభలో షుగర్ ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు ఎంతమంది? అదిగో, చాలా చేతులు లేచాయి. 2025 మార్చి దాకా ఆ మాత్ర ఒక్కోటి 60 రూపాయల దాకా ఉండేది. నెలకి 1,800. మార్చి 11న పేటెంట్ తీరింది. ఆ వారంలోనే స్టాకిస్టుల దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, మా కంపెనీది ఇంత, మా కంపెనీది ఇంత అని. పది రూపాయల లోపు కూడా వచ్చేసింది. అప్పటిదాకా రోజు విడిచి రోజు వేసుకుంటున్న ఒక ఆటో డ్రైవరు, "ఇక రోజూ వేసుకుంటానమ్మా" అని ఒకేసారి మూడు నెలలకి తీసుకెళ్లాడు. నా 26 ఏళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన బిల్లుల్లో అదొకటి.

ఇంజెక్షన్ విషయంలో మాత్రం అంత లోతుకి వెంటనే పడిపోతుందని ఆశపడకండి. మాత్ర వేరు, ఇది వేరు. మందు తయారుచేయడం కష్టం, దాన్ని పెన్నులో నింపాలి, ఫ్యాక్టరీ నుంచి మన ఊరి షాపు దాకా చల్లగా తేవాలి. అయినా తగ్గడానికి చోటు చాలా ఉంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో లెక్కకట్టి ఒక వ్యాసం ప్రచురించారు. నెలకి సరిపడా సెమాగ్లూటైడ్‌ని, కొంత లాభం కలుపుకుని కూడా, 5 డాలర్ల లోపు అమ్మొచ్చని తేల్చారు. మన డబ్బుల్లో నాలుగైదు వందలు. ఆ ధరకి మనకి వస్తుందని నేను అనడం లేదు. కానీ 16 వేలకీ, ఐదొందలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి.

మన కంపెనీలు సిద్ధంగానే ఉన్నాయి. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అయితే కోర్టు దాకా వెళ్లింది. పేటెంట్ లేని దేశాలకి ఇక్కడ తయారుచేసి పంపుకోవచ్చని డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దానికి అనుమతిచ్చింది. మార్చి తర్వాత మన షాపుల్లోకి ఒకేసారి చాలా పేర్లు వస్తాయి. అప్పుడు ఏది చవక అన్నది రెండో ప్రశ్న. పెట్టె మీద కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నాయా, నాకు బిల్లు ఇస్తున్నారా అన్నది మొదటి ప్రశ్న. అలాగే ఒక కంపెనీ మందు నుంచి ఇంకో కంపెనీ మందుకి మారేటప్పుడు డాక్టరు గారికి చెప్పే మారండి. పెన్ను తిప్పే పద్ధతి, డోసు గుర్తులు ఒకదానికీ ఒకదానికీ తేడా ఉండొచ్చు.

మౌంజారో అనే ఇంకో బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతున్నవాళ్లు అడుగుతారు, మాదీ తగ్గుతుందా అని. అది వేరే మందు, టిర్జెపటైడ్. దాని పేటెంట్‌కి ఇంకా చాలా ఏళ్లుంది. కానీ పక్కనున్న దుకాణంలో ధర పడిపోతే ఈ దుకాణం కూడా దిగొస్తుంది. మార్చి రాకముందే వెగోవీ ధర తగ్గిందంటే కారణం అదే కావొచ్చు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు, ఆగలేనివాళ్లు ఏం చేయాలి? కొన్ని దారులున్నాయి.

షుగర్ ఉన్నవాళ్లకి 2025 డిసెంబరులో ఓజెంపిక్ వచ్చింది. మందు అదే, సెమాగ్లూటైడే, కానీ షుగర్ కోసం అనుమతి పొందింది. 0.25 డోసు నాలుగు వారాలకి 8,800, 1 మిల్లీగ్రాము 11,175. షుగర్ ఉండి బరువు కూడా తగ్గాలనుకునేవాళ్లు డాక్టరు గారిని అడగొచ్చు. ఇంకా పాత మందు లిరాగ్లూటైడ్ ఉంది. 2024 జనవరిలోనే మన దేశపు కంపెనీ గ్లెన్‌మార్క్ దాన్ని షుగర్ కోసం తెచ్చింది, మామూలు డోసుకి రోజుకి సుమారు 100 రూపాయలు. రోజూ పొడుచుకోవాలి, బరువు అంతగా తగ్గదు. కానీ నెలకి 3,000లో అయిపోతుంది. కొందరికి అది చాలు.

డోసు గురించి మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు అక్కడే మిగులుతుంది. తక్కువ డోసులోనే బరువు బాగా తగ్గుతుంటే, పై మెట్టు ఎక్కాలని తొందర లేదు. అడగండి, "ఇదే డోసులో ఇంకొన్నాళ్లు చూద్దామా డాక్టరు గారూ" అని. ఇలా అడిగితే ఏ మంచి డాక్టరూ చిన్నబుచ్చుకోరు. మన టీచరమ్మ అడిగి ఉంటే బహుశా ఇవాళ కథ వేరుగా ఉండేది.

ఇంకో చిన్న విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పెట్టె మీద పాత ఎంఆర్‌పీయే ఉన్నా కొత్త లెక్క ప్రకారమే తీసుకోవాలి. 17,500 ధర ఉన్న పెట్టె మీద వెయ్యి రూపాయల పైనే తేడా. బిల్లు చూసుకోండి.

ఇక చేయకూడనివి. దీని గురించి కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పెద్ద డోసు వయల్, అంటే ఇంజెక్షన్ మందు సీసా కొని సిరంజితో నాలుగు భాగాలు చేసుకుంటున్నారు. వీడియోలు చూసి నేర్చుకున్నామంటారు. మౌంజారో వయల్ ఒక్కసారి వాడకానికే చేసింది. ఒకసారి సూది గుచ్చాక మిగిలింది దాచుకుంటే అందులో సూక్ష్మక్రిములు పెరగొచ్చు. కొలత తప్పితే డోసు రెండింతలై, రెండు రోజులు ఆగకుండా వాంతులు. ఒకాయన అలాగే ఆస్పత్రిలో చేరి సెలైన్ పెట్టించుకున్నారు. మిగుల్చుకున్నదానికి నాలుగింతలు బిల్లు కట్టారు.

జిమ్‌లో, బ్యూటీ పార్లర్‌లో, వాట్సాప్‌లో పేరు లేని సీసాలు అమ్ముతున్నారు. చీటీ అక్కర్లేదు, సగం ధర అంటారు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. దయచేసి కొనకండి.

చల్లదనం సంగతి. ఇది నా పొరపాటు కూడా, అందుకే చెబుతున్నాను. పోయిన మే నెల, మన గుంటూరు ఎండ మీకు తెలుసు. ఒక పెద్దాయన నాలుగు మౌంజారో వయల్స్ కొన్నారు, 14,000. ఐస్ ప్యాక్ పెట్టి ఇచ్చి, "ఫ్రిజ్‌లో పెట్టండి బాబాయ్ గారూ" అన్నాను. ఆయన జాగ్రత్తపరుడు. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు పోతోంది, పైన గడ్డకట్టే అరలో అయితే ఎక్కువసేపు చల్లగా ఉంటుందని అందులో పెట్టారు. పొద్దున తీసుకొచ్చి చూపిస్తే నాలుగూ గడ్డకట్టి ఉన్నాయి. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగించినా పనికిరాదు, పారేయాల్సిందే. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. అప్పటినుంచి ప్రతి కవరు మీదా స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను, "కింది అరలో పెట్టండి, ఐస్ అరలో వద్దు" అని. 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. తలుపు అరలో కూడా వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. కొనేటప్పుడు షాపులో ఫ్రిజ్ చూపించమని అడగండి. అందులో పాలప్యాకెట్లు, కూల్‌డ్రింకులు కనిపిస్తే ఇంకో షాపుకి వెళ్లండి.

ఇన్సూరెన్స్ గురించి చాలామంది అడుగుతారు. మన హెల్త్ పాలసీలు ఈ ఇంజెక్షన్లకి మామూలుగా డబ్బివ్వవు. కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 40 లేదా ఆపైన ఉన్నవాళ్లకి, లేదా 35 లేదా ఆపైన ఉండి గుండె జబ్బు, అదుపులేని షుగర్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బులాంటివి ఉన్నవాళ్లకి, డాక్టరు సలహా మీద బరువు తగ్గించే ఆపరేషన్ ఖర్చు పాలసీల్లో వచ్చే అవకాశం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఉంది. వెయిటింగ్ కాలం ఎంతో మీ పాలసీలో చూసుకోండి. ఏటా రెండు లక్షల మందు జీవితాంతం కొనలేనివాళ్లు, ఆ బరువు ఉన్నవాళ్లు, ఆపరేషన్ గురించి కనీసం ఒకసారి సర్జన్‌తో మాట్లాడటం మంచిది. ఆపరేషన్ అంటే అందరికీ భయమే. భయం ఉన్నా సరే, విని రండి.

ఇప్పటిదాకా చెప్పింది మనం విడివిడిగా చేయగలిగింది. అందరం కలిసి అడగాల్సింది కూడా ఒకటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో 30 మంది. మన దేశంలో ఒక మందుని జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరిస్తే, దానికి గరిష్ఠ ధర ఎంతో ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ నిర్ణయిస్తుంది. జాబితాలో లేకపోతే మొదటి ధర కంపెనీ ఇష్టం, ఏటా పది శాతం మించి పెంచకూడదంతే. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో ఈ మందుల్ని చేర్చింది. ఊరికే సన్నబడాలనుకునేవాళ్ల కోసం కాదు, షుగర్, స్థూలకాయంతోపాటు గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ల కోసం. మన జాబితాలోనూ కనీసం వాళ్ల కోసమైనా చేర్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇక్కడ రిటైరైన అధికారులున్నారు, లాయర్లున్నారు. అర్జీ రాయడం మీకు నేర్పక్కర్లేదు. ఎంపీ గారికి, కేంద్ర ఆరోగ్య శాఖకి మన తరఫున ఒక ఉత్తరం రాద్దాం. మందుల పేర్లు, ధరలు నేను రాసిస్తాను.

ఇందాక మాస్టారు గారు అడిగారు, డల్లాస్‌లో ఉన్న అమ్మాయి "నాన్నా, ఇండియాలో చవకట, వచ్చేటప్పుడు ఆరు నెలలకి పట్టుకురా" అందని. ఆవిడ బాధ నిజమే. అమెరికాలో వెగోవీ అసలు ధర నెలకి 1,349 డాలర్లు. కానీ ఇన్సూరెన్స్ లేకుండా సొంత డబ్బు కట్టేవాళ్లకి 2025 నవంబరు నుంచి కంపెనీ నేరుగా 349 డాలర్లకి ఇస్తోంది. జనవరిలో అదే మందు మాత్రగా కూడా వచ్చింది, మొదటి డోసు నెలకి 149 డాలర్లు. ముందు ఆ దారులు చూడమనండి. మన దగ్గర వచ్చే కొత్త కంపెనీల మందుకి అక్కడ అనుమతి ఉండదు కాబట్టి పట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడొచ్చు. పైగా 20 గంటల ప్రయాణం, పెట్టెలో వేస్తే విమానం కింది అరలో గడ్డకట్టే ప్రమాదం. ఆవకాయ పట్టుకెళ్లినట్టు కాదండి ఇది.

టీచరమ్మ సంగతి మిగిలిపోయింది. సంక్రాంతి ముందు కనబడ్డారన్నాను కదా. కూర్చోబెట్టి, ఈసారి కాగితం తీసి 13 గళ్లు గీశాను. ఆవిడే పెన్ను తీసుకుని ఒక్కో గడిలో తను కట్టగలిగింది రాసుకుంటూ పోయారు. ఆఖరికి, "నెలకి 3,000 అయితే మొదలుపెడతాను, ఆపకుండా వాడతాను, అంతకి మించితే నా వల్ల కాదమ్మా" అన్నారు. ఈలోపు పొద్దున్నే నడక మొదలుపెట్టారు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నారు. ఆ కాగితం నా క్యాష్ డబ్బా పక్కన అద్దం కింద పెట్టాను. ఏప్రిల్‌లో కొత్త ధరలు రాగానే ఆవిడకి ఫోన్ చేస్తానని మాటిచ్చాను.